ఐదు అంకెలతో నక్షత్రాల మధ్య ధూళిని కొలవడం ఎలా?

ఈ పనికి టెలిస్కోప్ అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే చాలు. ఇంటర్ ఎంపీసీలో నేర్చుకున్న లాగ్‌లు గుర్తుండాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకోండి. ఆ మధ్యాహ్నం అయ్యేసరికి వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక నక్షత్రానికీ మనకూ మధ్య పరుచుకున్న ధూళి రేణువు ఎంత సైజులో ఉందో మీ చేతులతో మీరే లెక్కగట్టి ఉంటారు.

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ ఈ లెక్కను చాలాసార్లు చేయించాను. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి నుంచి వచ్చే పిల్లలు ఖగోళశాస్త్రం అంటే పెద్ద పెద్ద అబ్జర్వేటరీల్లో ఉండేవాళ్ళ పని అనుకుంటారు. ఐదు అంకెలు ఇచ్చి గ్రాఫ్ గీయమంటే ఆ అభిప్రాయం మారుతుంది. అందుకే అడుగడుగునా రాసి పెడుతున్నాను.

విషయం ముందు రెండు మాటల్లో. నక్షత్రం నుంచి బయల్దేరిన కాంతి మామూలుగా ఏ దిశకూ మొగ్గు లేకుండా ఉంటుంది. దారిలో ధూళి మబ్బులు దాటి వచ్చేసరికి అది కొద్దిగా, అంటే నూటికి రెండు మూడు పాళ్ళు, ఒక దిశకు మొగ్గుతుంది. దీన్నే ధ్రువణం అంటాం. ఈ మొగ్గు అన్ని రంగుల్లో ఒకేలా ఉండదు. అతినీలలోహితం వైపు తక్కువ, పచ్చ-పసుపు రంగుల దగ్గర ఎక్కువ, పరారుణం వైపు మళ్ళీ తక్కువ. గ్రాఫ్ గీస్తే మన గుట్టల్లాగా మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా కనిపిస్తుంది. ఆ గుట్ట కొన ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఉందో తెలిస్తే ధూళి సైజు తెలిసినట్టే.

మొదటి పని: ధ్రువణాన్ని కళ్ళతో చూడండి

లెక్కలోకి దూకకండి. ముందు ధ్రువణం అంటే ఏమిటో మీ కంటికి తెలియాలి.

పోలరాయిడ్ చలువ అద్దాలు ఒక జత సంపాదించండి. బజారులో అమ్మే అన్ని నల్ల అద్దాలూ పోలరాయిడ్ కావు, కాబట్టి కొనేముందే పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ స్క్రీన్ ముందు అద్దాన్ని పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర స్క్రీన్ నల్లబడితే అది పోలరాయిడ్. ఎటు తిప్పినా మార్పు లేకపోతే అది వట్టి రంగు అద్దం.

ఆ తరువాత ఒక పొద్దున, సూర్యుడు తూర్పున కాస్త పైకి వచ్చాక, మేడ మీదికి వెళ్ళండి. సూర్యుడి వైపు చూడకండి, అద్దాలున్నా సరే. ఉత్తరం వైపు తిరిగి, నీలాకాశాన్ని ఒక అద్దంలోంచి చూస్తూ దాన్ని తిప్పండి. ఆకాశం ఒక కోణంలో ముదురుగా, ఇంకో కోణంలో లేతగా కనిపిస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఈ తేడా అన్నిటికంటే ఎక్కువ. వానాకాలంలో రెండు రోజులు వాన కురిసి తెరిపిచ్చిన పొద్దున ఇది ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, మార్చిలో దుమ్ము పట్టిన ఆకాశంలో అంత మసకగా ఉంటుంది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం చూసినవాళ్ళకు దీన్ని ఇలా చెబుతాను. మగ్గం మీద పడుగు పోగులు నిలువుగా బిగించి ఉంటాయి. పోగుల మధ్యలోంచి ఒక సన్నని రేకును నిలువుగా పట్టుకుంటే దూరుతుంది, అడ్డంగా పట్టుకుంటే దూరదు. పోలరాయిడ్ అద్దం కాంతికి అలాంటి పడుగు. ఏ దిశలో ఊగే కాంతిని అది వదులుతుందో, ఏ దిశలో ఆపుతుందో అంతే తేడా.

అద్దం తిప్పినప్పుడు వచ్చే గరిష్ఠ వెలుగునూ కనిష్ఠ వెలుగునూ కొలిస్తే, వాటి తేడాను వాటి మొత్తంతో భాగించగా వచ్చేదే ధ్రువణం. నక్షత్రాల విషయంలో అది 4 శాతం ఉన్నా చాలా ఎక్కువ కిందే లెక్క. అంటే అద్దం తిప్పినప్పుడు వెలుగు 96 నుంచి 104కు మారుతుంది, అంతే. కంటికి ఆ తేడా తెలియదు.

కాంతిని మొగ్గేలా చేసేది ఏది?

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే కారణం అర్థం కాకుండా గ్రాఫ్ గీస్తే అది వట్టి గీతే.

1946లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేడి నక్షత్రాల అంచు నుంచి వచ్చే కాంతికి ధ్రువణం ఉండాలని లెక్కగట్టి చెప్పాడు. దాన్ని పట్టుకోవాలంటే ఒక నక్షత్రం ఇంకో నక్షత్రాన్ని గ్రహణంలా కప్పే జంటల్లో వెతకాలి. విలియం హిల్ట్‌నర్, జాన్ హాల్ ఇద్దరూ అదే వెతికారు. 1949లో వాళ్ళకు ధ్రువణం దొరికింది, కానీ గ్రహణంతో దానికి సంబంధమే లేదు. గ్రహణం ఉన్నా లేకున్నా అంతే ఉంది. పైగా దారిలో ధూళి ఎక్కువ ఉండి ఎర్రబారిన నక్షత్రాల్లోనే అది ఎక్కువ కనిపించింది. అంటే ఆ ధ్రువణం నక్షత్రంలో పుట్టింది కాదు, దారిలో అంటుకున్నది. మన చంద్రశేఖర్ చెప్పింది ఒకటి, వెతికినవాళ్ళకు దొరికింది ఇంకొకటి. రెండూ నిజమే.

ధూళి దీన్ని ఎలా చేస్తుంది? రేణువులు గోళీల్లా గుండ్రంగా ఉంటే ధ్రువణం రాదు. అవి వడ్ల గింజల్లా కొంచెం పొడవుగానో, అటుకుల్లా చదునుగానో ఉండాలి. అంతే కాదు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. చెరువు నీళ్ళ మీద గడ్డిపోచలు గాలికి ఒకే వరుసలోకి సర్దుకోవడం మీరు చూసే ఉంటారు. నక్షత్రాల మధ్య ఆ సర్దుబాటుకు ఆధారం అయస్కాంత క్షేత్రం. ప్రతి రేణువూ తన పొట్టి అక్షం చుట్టూ బొంగరంలా తిరుగుతుంది. ఆ పొట్టి అక్షం అయస్కాంత క్షేత్రం దిశకు సర్దుకుంటుంది, కాబట్టి పొడవైన వైపు ఎప్పుడూ క్షేత్రానికి అడ్డంగా ఉంటుంది. పొడవైన వైపు ఊగే కాంతిని రేణువు ఎక్కువగా ఆపుతుంది. మిగిలి మన దాకా వచ్చే కాంతి క్షేత్రం దిశలోనే ఎక్కువ ఊగుతుంది. అందుకే నక్షత్ర కాంతి ధ్రువణం ఎటు ఉందో చూస్తే పాలపుంత అయస్కాంత క్షేత్రం ఎటు ఉందో తెలుస్తుంది.

ఈ సర్దుబాటు ఎలా జరుగుతుందో 1951లో డేవిస్, గ్రీన్‌స్టీన్ అయస్కాంతత్వంతో వివరించారు. తరువాత 1976లో డోల్గినోవ్, మిత్రోఫనోవ్ నక్షత్రాల కాంతే రేణువులను తిప్పి సర్దగలదని చెప్పారు. ఈ రెండో వివరణకే ఇప్పుడు బలం ఎక్కువ. ఇందులో మన లెక్కకు పనికొచ్చే ముక్క ఒకటుంది: కాంతి తరంగానికి దగ్గరి సైజులో ఉన్న రేణువులనే కాంతి బాగా తిప్పగలదు. మరీ చిన్నవి సరిగా సర్దుకోవు.

గుట్టకు ఆ రూపం ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్పవచ్చు. తరంగం రేణువు కంటే చాలా పెద్దదైతే అది రేణువును పెద్దగా పట్టించుకోదు. చెరువులో పెద్ద అల చిన్న కంకర మీదుగా పోయినట్టే. అందుకే పరారుణంలో ధ్రువణం తగ్గిపోతుంది. తరంగం మరీ చిన్నదైతే రేణువు దానికి వట్టి బండరాయి. నిలువుగా ఊగే కాంతినీ అడ్డంగా ఊగే కాంతినీ దాదాపు సమానంగానే ఆపుతుంది, కాబట్టి తేడా మిగలదు. ఆ చిన్న తరంగాలను గట్టిగా ఆపే బుల్లి రేణువులు ఉన్నాయి గానీ, అవి సర్దుకుని లేవు. అందువల్ల అతినీలలోహితంలో నక్షత్ర కాంతి ఇంకా ఎక్కువగా తగ్గిపోతున్నా, ధ్రువణం మాత్రం పెరగకుండా పడిపోతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. ఒకే ధూళి గురించి వెలుగు ఒక కథ చెబుతుంది, ధ్రువణం ఇంకో కథ చెబుతుంది. రెండూ కలిపి వింటేనే చిన్న రేణువులు, పెద్ద రేణువులు విడివిడిగా తెలుస్తాయి, చాటలో చెరిగితే తౌడు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పోయినట్టు.

రెండో పని: సూత్రాన్ని కాగితం మీద రాసుకోండి

పోలండ్ శాస్త్రవేత్త కజిమీర్ సెర్కోవ్‌స్కీ 1970ల మొదట్లో ఎన్నో నక్షత్రాల కొలతలు చూసి, ఈ గుట్ట రూపాన్ని ఒక్క సూత్రంలో పెట్టాడు. మాటల్లో ఇలా రాసుకోండి:

ఏదైనా రంగులో ధ్రువణం = శిఖర ధ్రువణం × ఈఎక్స్‌పీ [ − కె × (శిఖర తరంగదైర్ఘ్యాన్ని ఆ రంగు తరంగదైర్ఘ్యంతో భాగించి, దానికి సహజ లాగ్ తీసి, వర్గం చేసినది) ]

ఈఎక్స్‌పీ అంటే సహజ లాగ్‌కు తిరుగు లెక్క, షీట్‌లో ఆ పేరుతోనే ఫంక్షన్ ఉంటుంది. ఈ సూత్రంలో తెలియనివి మూడు. శిఖర ధ్రువణం గుట్ట ఎత్తు. శిఖర తరంగదైర్ఘ్యం గుట్ట కొన ఉన్న చోటు. కె గుట్ట వెడల్పుకు గుర్తు, కె పెద్దదైతే గుట్ట సన్నగా ఉంటుంది. 1975లో సెర్కోవ్‌స్కీ, మాథ్యూసన్, ఫోర్డ్ కలిసి రాసిన పెద్ద వ్యాసంలో కె విలువ అందరికీ 1.15 అని పెట్టారు. తరువాత పరారుణ కొలతలు వచ్చాక అది స్థిరం కాదని తేలింది. 1992లో విటెట్ బృందం ఇచ్చిన లెక్క ఇది: కె = 0.01 + 1.66 × శిఖర తరంగదైర్ఘ్యం. తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలోనే (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లోనే) వేయాలి. ఈ చివరి మాటను పెన్నుతో గుండ్రంగా చుట్టుకోండి.

మూడో పని: అంకెలు ఎక్కించండి

ముందు సాధనకు నేను తయారు చేసిన అంకెలతో చేయండి. ఇవి ఏ నక్షత్రానివీ కావు. సూత్రంలోంచి నేనే లెక్కగట్టి ఇస్తున్నాను, కాబట్టి సరైన జవాబు మనకు ముందే తెలుసు. జవాబు తెలిసిన లెక్కతో మొదలుపెడితే పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. ఫిల్టర్ అంటే కాంతిలో ఒక రంగు పట్టీని మాత్రమే వదిలే గాజు. యు, బి, వి, ఆర్, ఐ అనేవి వాటి పేర్లు.

యు ఫిల్టర్, 0.36 మైక్రాన్లు: 2.57 శాతం
బి ఫిల్టర్, 0.44 మైక్రాన్లు: 3.10 శాతం
వి ఫిల్టర్, 0.55 మైక్రాన్లు: 3.45 శాతం
ఆర్ ఫిల్టర్, 0.64 మైక్రాన్లు: 3.50 శాతం
ఐ ఫిల్టర్, 0.79 మైక్రాన్లు: 3.29 శాతం

షీట్‌లో మొదటి వరుసలో తరంగదైర్ఘ్యం, రెండో వరుసలో ధ్రువణం నింపండి. మూడో వరుసలో తరంగదైర్ఘ్యానికి సహజ లాగ్, నాలుగో వరుసలో ధ్రువణానికి సహజ లాగ్ తీయండి. ఎక్సెల్‌లో రెండు లాగ్ ఫంక్షన్లు ఉంటాయి. ఎల్‌ఓజీ అని ఉన్నది పది ఆధారంగా లెక్కిస్తుంది. మనకు కావలసింది ఎల్‌ఎన్. మొదటిసారి చేసినప్పుడు నేను ఎల్‌ఓజీ వాడాను. కె విలువ 2.3 రెట్లు పెద్దగా వచ్చింది. రెండు సాయంత్రాలు అంకెలన్నీ మళ్ళీ మళ్ళీ సరిచూశాను గానీ, ఫంక్షన్ పేరు మీద అనుమానమే రాలేదు. మీ కె ఎప్పుడైనా 2 దాటితే ముందు అక్కడే చూడండి.

సరిగ్గా చేస్తే మూడో వరుసలో మైనస్ 1.022, మైనస్ 0.821, మైనస్ 0.598, మైనస్ 0.446, మైనస్ 0.236 వస్తాయి. నాలుగో వరుసలో 0.944, 1.131, 1.238, 1.253, 1.191 వస్తాయి.

నాలుగో పని: పరావలయం గీయండి

ఈ లాగ్‌లు ఎందుకు తీశామంటే, సూత్రానికి రెండు వైపులా సహజ లాగ్ తీస్తే ఆ భయపెట్టే ఈఎక్స్‌పీ పోయి, పదో తరగతిలో చదివిన వర్గ సమీకరణం మిగులుతుంది. అడ్డంగా తరంగదైర్ఘ్యం లాగ్, నిలువుగా ధ్రువణం లాగ్ పెడితే గ్రాఫ్ తలకిందుల పరావలయం.

మూడు, నాలుగు వరుసలను ఎంచుకుని స్కాటర్ చార్ట్ వేయండి. చుక్కల మీద రైట్ క్లిక్ చేసి ట్రెండ్‌లైన్ పెట్టండి. రకం పాలినామియల్, ఆర్డర్ 2. సమీకరణాన్ని చార్ట్ మీద చూపించమని టిక్ పెట్టండి. సమీకరణంలో అంకెలు తక్కువ దశాంశాలతో కనిపిస్తే ఫార్మాట్‌లోకి వెళ్ళి మూడు నాలుగు దశాంశాలకు పెంచండి. లేకపోతే చివరి లెక్కలో తేడా వస్తుంది.

మన సాధన అంకెలకు సమీకరణం దాదాపు ఇలా వస్తుంది: వర్గ పదం గుణకం మైనస్ 1.054, మామూలు పదం గుణకం మైనస్ 1.011, స్థిర పదం 1.011. చివరి రెండూ ఒకేలా ఉండడం యాదృచ్ఛికం.

ఇప్పుడు జవాబులు తీయండి.

కె అంటే వర్గ పదం గుణకంలో మైనస్ గుర్తు తీసేస్తే వచ్చేది. అంటే 1.05.

శిఖర తరంగదైర్ఘ్యానికి, మామూలు పదం గుణకాన్ని వర్గ పదం గుణకానికి రెట్టింపుతో భాగించి, గుర్తు మార్చండి. మైనస్ 0.480 వస్తుంది. దానికి ఈఎక్స్‌పీ తీస్తే 0.62 మైక్రాన్లు.

శిఖర ధ్రువణానికి, మామూలు పదం గుణకాన్ని వర్గం చేసి, వర్గ పదం గుణకానికి నాలుగు రెట్లతో భాగించి, స్థిర పదం లోంచి తీసేయండి. వర్గ పదం మైనస్ కాబట్టి నిజానికి కలుస్తుంది. 1.253 వస్తుంది. ఈఎక్స్‌పీ తీస్తే 3.50 శాతం.

నేను ఈ అంకెలను తయారు చేసింది శిఖరం 0.62, ఎత్తు 3.5, కె 1.04 పెట్టి. మొదటి రెండూ అచ్చంగా తిరిగి వచ్చాయి. కె మాత్రం 1.05కు జరిగింది. కారణం వేరే ఏమీ లేదు, ధ్రువణాన్ని రెండు దశాంశాలకు కుదించి రాశాను, అంతే.

ఇది చిన్న విషయంగా వదిలేయకండి. యు ఫిల్టర్ అంకెను 2.57 బదులు 2.52 అని మార్చి చూడండి. నిజమైన కొలతల్లో 0.05 శాతం పొరపాటు మామూలే. కె 1.12కు ఎగబాకుతుంది, శిఖరం మాత్రం 0.62 దగ్గరే కదలకుండా ఉంటుంది. అంటే ఐదు రంగుల కొలతలతో శిఖరం ఎక్కడుందో నమ్మకంగా చెప్పవచ్చు, గుట్ట వెడల్పు మాత్రం అంత నమ్మకంగా చెప్పలేం. పిల్లలు చాలామంది కె విలువను మూడు దశాంశాలతో రికార్డులో రాసుకొస్తారు. నేను వాళ్ళను వెనక్కి పంపి, ప్రతి అంకెనూ కొంచెం కదిలించి మళ్ళీ చేయమంటాను. పరారుణ కొలత ఒక్కటి దొరికినా కె బాగా కుదురుతుంది. శిఖరం 0.55 మైక్రాన్ల దగ్గర, ఎత్తు 4 శాతం అనుకుంటే, 2.2 మైక్రాన్ల దగ్గర కె 1.15తో ధ్రువణం 0.44 శాతం రావాలి, విటెట్ లెక్క ఇచ్చే కె 0.92తో 0.68 శాతం రావాలి. కంటికి కనిపించే కాంతిలో ఈ రెంటికీ పెద్ద తేడా ఉండదు.

ఐదో పని: నిజమైన నక్షత్రం

ఇప్పుడు సెఫియస్ రాశిలోని హెచ్‌డి 204827 తీసుకోండి. హబుల్ టెలిస్కోప్ పరికరాలను సరిచూడడానికి 1992లో ప్రచురించిన ప్రామాణిక నక్షత్రాల పట్టికలో ఇది ఉంది. దాని ధ్రువణం బి లో 5.65, వి లో 5.32, ఆర్ లో 4.89, ఐ లో 4.19 శాతం. తరంగదైర్ఘ్యాలు పైన వాడినవే వేయండి.

గ్రాఫ్ గీసేముందు ఇంకో పని ఉంది, దీన్ని ఎప్పుడూ మరవద్దు. ధ్రువణం ఎంత ఉందో చూసినట్టే, ఏ కోణంలో ఉందో కూడా ప్రతి రంగులో చూడాలి. ఈ నక్షత్రానికి కోణం నాలుగు రంగుల్లోనూ దాదాపు 58, 60 డిగ్రీల మధ్యే ఉంది. కోణం రంగుతో పాటు బాగా తిరిగిపోతుంటే, దారిలో వేర్వేరు దిశల్లో సర్దుకున్న రెండు మూడు మబ్బులు ఉన్నాయని అర్థం. అప్పుడు ఒక్క గుట్టను అతికించడం తప్పు. కోణంలో ఎంత తేడాను తేడాగా లెక్కపెట్టాలి అంటే, ధ్రువణంలో పొరపాటును ధ్రువణంతో భాగించి 28.65తో గుణించండి, అన్ని డిగ్రీల పొరపాటు సహజం. 3.5 శాతం ధ్రువణానికి 0.05 పొరపాటు ఉంటే కోణంలో సుమారు 0.4 డిగ్రీలు. నక్షత్రం చుట్టూ వేడి వాయువు చక్రం ఉన్నా చిక్కే, అది సొంతంగా ధ్రువణం కలుపుతుంది. పట్టికలో నక్షత్రం రకం పక్కన ఉద్గార రేఖల గుర్తు ఉంటే ఆ నక్షత్రాన్ని వదిలేయండి.

ఇప్పుడు పరావలయం గీయండి. శిఖరం 0.39 మైక్రాన్ల దగ్గర, కె 0.63 దగ్గర వస్తాయి. గ్రాఫ్‌ను పరికించి చూడండి. మన కొలతలు 0.44 దగ్గర మొదలవుతున్నాయి, శిఖరమేమో దానికంటే ఎడమన పడింది. అంటే గుట్ట కొనను మనం చూడలేదు, ఒక వైపు వాలు చూసి కొనను ఊహిస్తున్నాం. ఇలాంటప్పుడు కె ని స్వేచ్ఛగా వదలకూడదు. విటెట్ లెక్కతో కె ని శిఖరానికి కట్టేసి, 0.38, 0.40, 0.42 అని ఒక్కొక్క శిఖరం పెట్టి, ఏది నాలుగు చుక్కలకూ దగ్గరగా పోతుందో చూడండి. 0.40 కుదురుతుంది, శిఖర ధ్రువణం 5.7 శాతం. రెండు దారులూ 0.4 దగ్గరే కలిశాయి కాబట్టి ఆ అంకె రాసుకోవచ్చు.

దీనికి ఒక సరిచూపు ఉంది. ఈ నక్షత్రం ధూళి వల్ల ఎంత ఎర్రబారిందో చెప్పే అంకె, బి-వి రంగు అధికం, సుమారు 1.1. శిఖర ధ్రువణం ఆ అంకెకు 9 రెట్లు దాటదని సెర్కోవ్‌స్కీ కాలం నుంచీ కొలతలు చెబుతున్నాయి. మనకు వచ్చింది దాదాపు 5 రెట్లు. సరిపోయింది. మీ లెక్కలో 9 దాటితే కోణాలూ అంకెలూ మళ్ళీ చూడండి.

శిఖరం నుంచి రేణువు సైజుకు

ఇక మనం వచ్చిన పని. సిలికేట్ రేణువుకు వక్రీభవన గుణకం సుమారు 1.6. శిఖర తరంగదైర్ఘ్యాన్ని 6.28తో (రెండు పై), ఆ తరువాత 0.6తో (1.6 లోంచి 1 తీసేస్తే వచ్చేది) భాగిస్తే, ధ్రువణానికి కారణమైన రేణువుల వ్యాసార్ధం స్థూలంగా వస్తుంది. మామూలు ధూళికి శిఖరం 0.55, అంటే 0.15 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో రెండొందల వంతు కూడా ఉండదు ఆ రేణువు. మన సాధన నక్షత్రానికి 0.16 మైక్రాన్లు, హెచ్‌డి 204827 దారిలోని రేణువులకు 0.11 మైక్రాన్లు. హన్మకొండ గుట్టల్లోని గ్రానైట్ కూడా ఎక్కువగా సిలికేట్ ఖనిజాలే. ఆ రాయి కోసేటప్పుడు లేచే పొడిని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది, ఆ పొడి ఎన్నో రెట్లు పెద్దదైనా.

ధూళి ఏ రంగును ఎంత ఆపుతుందో చెప్పే నిష్పత్తి ఒకటి ఖగోళంలో ఎక్కువగా వాడతారు. పాలపుంతలో దాని సగటు 3.1. శిఖరాన్ని 5.5తో గుణిస్తే అది సుమారుగా వస్తుంది: 0.55కు 3.0, 0.62కు 3.4, మన సెఫియస్ నక్షత్రానికి 2.2. ఈ సంబంధం అంత గట్టిది కాదు, నక్షత్రానికి నక్షత్రానికీ అటూ ఇటూ అవుతుంది. అయినా దిశ మాత్రం సరిగ్గానే చెబుతుంది. శిఖరం ఎడమకు జరిగితే చిన్న రేణువులు, కుడికి జరిగితే పెద్దవి. దట్టమైన మబ్బుల్లో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, అక్కడ శిఖరం 0.7, 0.8 దాకా కూడా పోతుంది.

ఈ గుట్ట రూపాన్ని రెండు వైపులా ఎంత దూరం సాగదీయవచ్చో కూడా తెలుసుకోండి. పరారుణంలో సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ధ్రువణం సెర్కోవ్‌స్కీ సూత్రం చెప్పేదాని కంటే నిదానంగా తగ్గుతుంది. తరంగదైర్ఘ్యాన్ని దాదాపు మైనస్ 1.8 ఘాతానికి పెంచినట్టు పోతుందని 1990లో మార్టిన్, విటెట్ చూపించారు. అతినీలలోహితంలో 0.2175 మైక్రాన్ల దగ్గర ధూళి కాంతిని ఎక్కువగా ఆపే గూని ఒకటి ఉంది. ధ్రువణంలో మాత్రం దాదాపు అన్ని నక్షత్రాల్లోనూ అక్కడ గూని కనిపించదు. ఆ గూనికి కారణమైన కార్బన్ రేణువులు సర్దుకుని లేవన్న మాట.

ఇంకా అంకెలు కావాలంటే

విజియర్ అనే ఉచిత డేటా సైట్‌లో ఈ పట్టికలు దొరుకుతాయి. కార్ల్ హైల్స్ 2000లో 9,286 నక్షత్రాల ధ్రువణాన్ని ఒకచోట చేర్చాడు. కానీ అందులో ఒక్కో నక్షత్రానికి ఒక్కో అంకే ఉంటుంది, రంగుల వారీగా ఉండదు. మన పనికి సెర్కోవ్‌స్కీ 1975 పట్టిక మేలు. ధ్రువణం ఎప్పుడూ మైనస్ కాదు కాబట్టి బలహీనమైన కొలతల్లో అది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ధ్రువణం వర్గం నుంచి పొరపాటు వర్గం తీసేసి, వర్గమూలం తీసి వాడండి. పొరపాటుకు మూడు రెట్లు కూడా లేని ధ్రువణాన్ని అసలు ముట్టుకోకండి.

సొంతంగా కొలవాలని మనసు లాగితే, ముందు ఫోటాన్ల లెక్క చూడండి. 0.1 శాతం ఖచ్చితత్వానికి ఒక్కో రంగులో సుమారు 20 లక్షల ఫోటాన్లు పోగుచేయాలి. నైనితాల్‌లోని ఏరీస్ అనే ఖగోళ పరిశోధన సంస్థలో 104 సెంటీమీటర్ల టెలిస్కోప్ మీద ఎయిమ్‌పోల్ అనే పరికరం ఈ పని చేస్తుంది. ఎమ్మెస్సీ చేసేవాళ్ళు ప్రాజెక్టుకు ఆలోచించవచ్చు. మన దుమ్ము, మన పొగ నక్షత్ర కాంతికి ధ్రువణం కలపవు, ఎందుకంటే గాలిలో రేణువులు సర్దుకుని ఉండవు. వెన్నెల ఆకాశం మాత్రం కలుపుతుంది, అమావాస్య పక్కనే చూసుకోండి.

కొలవకపోయినా, మీరు లెక్కగట్టిన నక్షత్రాన్ని ఒకసారి చూడండి. బతుకమ్మ రోజుల్లో మబ్బులు విడితే, రాత్రి తొమ్మిది దాటాక పాకాల వైపో లక్నవరం వైపో ఊరి లైట్లకు దూరంగా ఉత్తరం వైపు తిరిగితే సెఫియస్ దాదాపు సగం ఎత్తున ఉంటుంది. హెచ్‌డి 204827 ప్రకాశ తరగతి 7.9 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), కాబట్టి వట్టి కంటికి అందదు, బైనాక్యులర్స్ కావాలి.

తరువాతి అభ్యాసానికి పక్కనే కాసియోపియా రాశిలోని బిడి +59 389 తీసుకోండి. బి లో 6.35, వి లో 6.70, ఆర్ లో 6.43, ఐ లో 5.80 శాతం. ఈసారి కొన మన కొలతల మధ్యలోనే ఉంది, కాబట్టి కె ని కట్టేయకుండానే గీయండి. మీకు 0.54 మైక్రాన్లు, కె 1.0 రావాలి.